బూడిద ఎవరిది?

మిర్యాలగూడ రైస్ మిల్లుల మాట వచ్చినప్పుడల్లా ఒక వాక్యం తప్పకుండా వినిపిస్తుంది: "వడ్లలో పారేసేది ఏదీ ఉండదు." బియ్యం బస్తాకెక్కుతుంది. నూకలు ఇడ్లీ రవ్వకో దాణాకో పోతాయి. తవుడు నూనె మిల్లుకు పోతుంది. ఊక అదే మిల్లు బాయిలర్‌లో కాలి ఆవిరి పుట్టిస్తుంది. సర్క్యులర్ ఎకానమీ అనే మాట మన జిల్లాల దాకా వచ్చాక ఈ వాక్యానికి కొత్త గౌరవం దక్కింది. ప్రపంచం ఇప్పుడు నేర్చుకుంటున్నది మన మిల్లులు ఎప్పుడో చేశాయని సభల్లో చెబుతున్నారు. మిల్లు యజమానులే కాదు, వాళ్లను ప్రశ్నించాల్సిన అధికారులూ చదువుకున్నవాళ్లూ అదే మాట అప్పజెబుతున్నారు. ఇది సగం నిజం. ఆ సగం నిజాన్ని అడ్డం పెట్టుకుని మిగతా సగాన్ని ఊళ్ల మీద వదిలేస్తున్నారు కాబట్టి దీన్ని ఖండించాల్సి వస్తోంది.

ముందు నిజమున్న సగం. ఎఫ్‌సీఐ నిబంధన ప్రకారం క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు మిల్లరు అప్పజెప్పాలి. మిగిలిన దాంట్లో 20 కిలోల దాకా ఊక, 6 నుంచి 8 కిలోలు తవుడు. తవుడు మర నుంచి బయటపడ్డ గంటల్లోనే చెడటం మొదలవుతుంది. దానిలోని ఎంజైము నూనెను విరగ్గొడుతుంది. అందుకే తవుడు లారీ ఎక్కడా ఆగదు. ఉప్పుడు బియ్యం తవుడులో ఆ ఎంజైమును ఆవిరి ముందే చంపేస్తుంది కాబట్టి అది కాస్త నిలవ ఉంటుంది, నూనె కూడా ఎక్కువిస్తుంది. నూనె తీయగా మిగిలిన పిండి కోళ్లకూ పశువులకూ దాణా అవుతుంది. గన్నీ బస్తా ఒకసారి వాడి పారేసే వస్తువు కాదు, చిరిగేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఇదంతా ఏ సెమినారూ నేర్పకముందే మన వ్యాపారులు లెక్కతో, అనుభవంతో పట్టుకున్న విద్య. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లకు మిల్లు సంగతి తెలియదు.

ఇక రెండో సగం. ఊక కాలిపోగానే లెక్కలోంచి కూడా పోయినట్టు చూస్తున్నారు. అది పోదు. ఊక బరువులో దాదాపు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది. రోజుకు 100 టన్నుల వడ్లు ఆడే మిల్లులో 20 టన్నుల ఊక వస్తుంది, అదంతా కాలిస్తే 4 టన్నుల బూడిద. ఒక్క మిల్లు, ఒక్క రోజు. 2024 వానాకాలంలో తెలంగాణలో 153 లక్షల టన్నుల వడ్లు పండాయని ప్రభుత్వమే ప్రకటించింది. ఆ ఒక్క పంట ఊకంతా కాలిస్తే 6 లక్షల టన్నుల బూడిద తేలుతుంది. ఎన్ని వడ్లు కొన్నారో, ఎంత బియ్యం ఇచ్చారో, ఎంత బాకీ పడ్డారో బస్తాతో సహా లెక్క చెప్పగల రాష్ట్రం మనది. ఈ బూడిద ఎక్కడికి చేరిందో చెప్పే లెక్క ప్రజల ముందుకు ఎప్పుడూ రాలేదు.

మిల్లులున్న ఊళ్లలో బతికేవాళ్లకు ఆ లెక్క చెప్పనక్కర్లేదు. కొంత ఇటుక బట్టీలకు పోతుంది. కొంత పల్లపు జాగాలు పూడ్చడానికి పోతుంది. మిగిలింది రోడ్డు పక్క గుంతల్లో, కాలువ గట్ల మీద, వాగు ఒడ్డున, అడిగేవాడు లేని ఖాళీ జాగాల్లో పడుతుంది. ఊకబూడిద తేలిక. గాలి లేస్తే పత్తి ఆకు మీదా కూరగాయల మడి మీదా దండెం మీది బట్టల మీదా వాలుతుంది. బైకు మీద పోయేవాడి కంట్లో పడుతుంది. దానిలో 85 నుంచి 90 శాతం సిలికా. బాయిలర్‌లో వేడి అదుపు తప్పి మరీ ఎక్కువైతే ఆ సిలికా స్ఫటికంగా మారుతుంది, ఆ దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. బాయిలర్ దగ్గర బూడిద ఎత్తే కూలీ నోటికి కట్టుకునేది తువ్వాల ఒక్కటే.

నీళ్ల సంగతీ ఇంతే. యాసంగి వడ్లు ఎండలకు లోపలే పగిలి, పచ్చిగా ఆడిస్తే నూకలవుతాయి. కాబట్టి ఉప్పుడు చేయక తప్పదు. 2021లో ఉప్పుడు బియ్యం కొనబోమని కేంద్రం, కొనాల్సిందేనని రాష్ట్రం పట్టుబట్టినప్పుడు మన దగ్గర ఇంత గొడవ జరిగింది అందుకే. ఉప్పుడు చేయాలంటే వడ్లను వేడినీళ్లలో నానబెట్టాలి. టన్ను వడ్లకు టన్నుకు పైగానే నీరు కావాలి. నానబెట్టి వదిలిన నీరు పిండి పదార్థంతో, పులిసిన వాసనతో వస్తుంది. శుద్ధి చేయకుండా వదిలితే చేరిన కుంటలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. నీళ్లు చెడితే ఏమవుతుందో తరతరాలుగా ఎముకల్లో అనుభవించిన జిల్లా ఇది. నీటిలో ఫ్లోరైడ్ తగ్గించేందుకు నాగపూర్‌లోని నీరీ పరిశోధన సంస్థ కనిపెట్టిన పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు ఊరికే రాలేదు.

కాబట్టి "పారేసేది ఏదీ లేదు" అనే మాటకు అసలు అర్థం ఇంతే: అమ్ముడుపోయేది ఏదీ పారేయరు. ధర పలికినంత వరకూ అది మిల్లు సరుకు, ధర పలకని క్షణం నుంచి అది ఊరి బాధ్యత. దీన్ని గట్టి వ్యాపారం అనవచ్చు. సర్క్యులర్ ఎకానమీ అనకూడదు. కొనేవాడు లేని చివరి వస్తువు ఎవరి చేతిలో ఉంది, దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారు అన్నదే ఇక్కడ పరీక్ష. ఆ పరీక్షలో మన మిల్లులు నెగ్గడం లేదు.

ఇక్కడ మిల్లర్లు వెంటనే చెప్పే జవాబు ఖర్చు. మిల్లింగ్ ఛార్జీ గిట్టుబాటు కావడం లేదు, పైగా బూడిదకు షెడ్లూ నీళ్లకు ప్లాంట్లూ ఎక్కడ కట్టాలి అంటారు. ప్రభుత్వం కొన్న వడ్లను ఆడించి బియ్యం తిరిగి అప్పజెప్పే సీఎంఆర్ పద్ధతిలో కేంద్రం లెక్కగట్టిన ఛార్జీ క్వింటాలుకు పచ్చి బియ్యానికి 10 రూపాయలు, ఉప్పుడు బియ్యానికి 20 రూపాయలు అని ఏళ్ల తరబడి నడిచిన మాట వాస్తవమే. చూడటానికి అది కూలి కూడా కాదు. కానీ ఆ రేటు అంత తక్కువగా ఉండటానికి కారణం మిల్లర్లకు తెలుసు, ప్రభుత్వానికీ తెలుసు. ఊక, తవుడు, నూకలు మిల్లరుకే వదిలేస్తున్నారు. అవి మిల్లరు ప్రతిఫలంలో భాగం. వడ్లు ప్రభుత్వానివి, పెట్టుబడి ప్రభుత్వానిది, ఉప ఉత్పత్తులు మిల్లరువి. అలాంటప్పుడు ఊక మిల్లరుదై, ఊకబూడిద మాత్రం ఊరిది ఎలా అవుతుంది? కూలిగా తీసుకున్న వస్తువుతో పాటు దాని శేషం కూడా తీసుకున్నట్టే. ఈ ఒక్క న్యాయం ఒప్పుకుంటే మిగతా చర్చ అంతా పద్ధతుల గురించే.

పద్ధతులు లేకపోలేదు. కాంక్రీట్ నిర్మాణానికి దేశమంతా అనుసరించే ఐఎస్ 456 ప్రమాణం 2000 సంవత్సరం నుంచే ఊకబూడిదను కాంక్రీట్‌లో కలపదగిన పదార్థాల్లో ఒకటిగా గుర్తించింది. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన లోహం చల్లారకుండా పైన కప్పేందుకు దీన్ని వాడతారు. గుడ్‌ఇయర్ కంపెనీ ఊకబూడిద నుంచి తీసిన సిలికాను టైర్లలో వాడుతోంది. అయితే ఏ బూడిద పడితే ఆ బూడిద పనికిరాదు. దాదాపు 700 డిగ్రీలు దాటకుండా, సరిపడా గాలితో, బొగ్గు మిగలకుండా కాలిస్తేనే సిలికా చురుగ్గా ఉంటుంది. మన మిల్లుల్లో చాలాచోట్ల బయటికొచ్చేది నల్ల బూడిద, అంటే సగం కాలిన ఊక. దాని మీద నీళ్లు కొట్టి ముద్ద చేసి ట్రాక్టర్‌కెత్తుతారు. ఆ ముద్దను ఏ కొనుగోలుదారూ కోరడు. బాయిలర్‌లో గాలి, వేడి అదుపు చేయడం, బూడిదను పొడిగా మూసిన గొట్టంలో దించడం, రంగును బట్టి వేరు చేయడం, ఈ మూడూ జరిగితే చెత్త సరుకవుతుంది. ఊక పూర్తిగా కాలితే అదే ఊకతో ఆవిరి కూడా ఎక్కువొస్తుంది, కాబట్టి ఇందులో మిల్లరుకూ లాభముంది.

మిర్యాలగూడకు దగ్గర్లోనే వాడపల్లి, కాస్త దిగువన మఠంపల్లి, మేళ్లచెర్వు, చింతలపాలెం సిమెంట్ ఫ్యాక్టరీలున్నాయి. బూడిదంతా వాళ్లే తీసుకుంటారు కదా అని కొందరు తేలిగ్గా అనేస్తారు. అది అంత సులువు కాదు. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం వచ్చింది. దాని బొగ్గు బూడిద ఆ పక్కనే ఉండగా సిమెంట్ ఫ్యాక్టరీ ఊకబూడిద కోసం మిల్లు మిల్లూ తిరగదు. పోజోలానా (పీపీసీ) సిమెంట్‌లో 35 శాతం దాకా బొగ్గు బూడిద కలపడానికి ప్రమాణాలు ఒప్పుకుంటాయి, అదీ ఒకే తీరుగా, ఒకే చోట దొరుకుతుంది. కానీ థర్మల్ కేంద్రాలు తమ బూడిదను ఎవరైనా తీసుకుపోతే చాలని ఎందుకు చూస్తున్నాయో గమనించాలి. కేంద్ర పర్యావరణ శాఖ 1999లో మొదలుపెట్టిన నిబంధనలు బిగుస్తూ వచ్చి, 2021 డిసెంబర్ 31 నోటిఫికేషన్‌తో బూడిద నూటికి నూరు శాతం వినియోగంలోకి రావాలని, లేకపోతే టన్నుకు 1000 రూపాయలు పర్యావరణ పరిహారం కట్టాలని చెప్పాయి. బూడిద ఎవరిదో చట్టం తేల్చింది, దాంతో బూడిదకు దారులు దొరికాయి. ఊకబూడిద విషయంలో ఆ తేల్చడమే జరగలేదు.

నా దృష్టిలో ఊకబూడిదకు మొదటి హక్కుదారు సిమెంట్ ఫ్యాక్టరీ కాదు, పొలం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మొదట్లో ఉన్న పెద్దవూర నుంచి హాలియా, నిడమనూరు, త్రిపురారం మీదుగా మిర్యాలగూడ దాకా ఉన్న ఆయకట్టును చూడండి. కోతలు మొదలైతే వడ్ల ట్రాక్టర్లు, లారీలు మిల్లుల దారి పడతాయి. ప్రతి బండిలో నేల సారం కొంత పోతుంది. వరి మట్టిలోంచి నత్రజని కంటే ఎక్కువగా తీసుకునేది సిలికాన్. కాండం గట్టిగా నిలబడటానికీ అగ్గితెగులునూ కాండం తొలిచే పురుగునూ తట్టుకోవడానికీ పైరుకు అది కావాలి. అది ఊకలోకీ గడ్డిలోకీ చేరుతుంది. ఊక మిల్లుకు పోతుంది. గడ్డిలో పైరు తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం ఉంటుంది. కోత మిషన్ వదిలిన గడ్డిని కాలుస్తున్నారు, లేదా బేళ్లు కట్టి అమ్ముతున్నారు. మన దేశం వాడే పొటాష్ ఎరువు దాదాపు మొత్తం విదేశాల నుంచి కొనుక్కునేదే. ఊకబూడిద పొటాష్ కొరతను తీర్చదు, అందులో అది కొద్దిగానే ఉంటుంది. కానీ సిలికాను తిరిగి ఇస్తుంది. నారుమడిలో చల్లితే మట్టి గుల్లబారి నారు వేరు తెగకుండా వస్తుందని పాత రైతులకు తెలుసు. గాలికెగిరితే కంట్లో నలుసయ్యే బూడిద, తడిపి దుక్కిలో కలిపితే పైరుకు బలం. వడ్లు దించి ఖాళీగా తిరిగే ట్రాక్టర్లు అదే దారిలో పెద్దవూరకు వస్తున్నాయి. వాటిలో తడిపి బస్తాల్లో నింపిన బూడిద రావడానికి అడ్డం ఏ సాంకేతిక సమస్యా కాదు, అడగకపోవడం.

ఇవన్నీ మన ఊళ్లలో సాగవని నిరాశపడేవాళ్లకు సూర్యాపేటను గుర్తు చేయాలి. 2003 ప్రాంతంలో మున్సిపల్ కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ హయాంలో ఆ పట్టణం చెత్తకుండీలు లేని పట్టణంగా దేశంలో పేరు తెచ్చుకుంది. ఇంటింటికీ బండి పంపారు, తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అన్నారు. తడి చెత్తను వర్మీకంపోస్ట్ చేశారు, పొడి చెత్తను అమ్మారు. ఇతర రాష్ట్రాల పట్టణాలు సూర్యాపేటను ఉదాహరణగా చూపుకున్నాయి. అక్కడ విదేశీ యంత్రాలు లేవు, పెద్ద బడ్జెట్ లేదు. చెత్త ఎక్కడ పుట్టిందో అక్కడే వేరు చేయాలన్న నియమం ఒకటి, దాన్ని రోజూ నిలబెట్టే మనిషి ఒకరు. మిల్లులకు కావలసింది కూడా ఇంతకంటే పెద్దది కాదు.

ఒక్కో మిల్లు విడిగా చేసుకోలేదన్న మాటను నేను ఒప్పుకుంటాను. చిన్న మిల్లు బూడిదకు సైలో కట్టలేదు, నీటి శుద్ధి ప్లాంటు పెట్టలేదు. అందుకు మిల్లర్ల సంఘాలున్నాయి. లెవీ మీదా సీఎంఆర్ గడువుల మీదా రాష్ట్ర రాజధాని దాకా కలిసి వెళ్లగలిగిన సంఘాలు, పది మిల్లులకు కలిపి ఒక బూడిద యార్డు, ఒక శుద్ధి ప్లాంటు నడపలేవా? నానబెట్టిన నీటిని గాలి చొరని ట్యాంకులో పులియబెడితే బయోగ్యాస్ వస్తుంది, దిగిన నీటిని ఇంకొంచెం శుద్ధి చేస్తే తోటకు పారుతుంది. కోదాడ, హుజూర్‌నగర్ మిల్లులకూ ఇదే వర్తిస్తుంది.

2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం పథకంతో మనిషికి నెలకు 6 కిలోల చొప్పున రేషన్ దుకాణాల్లో ఇస్తున్నారు. ఆ బియ్యం ఆడించేది ఈ మిల్లులే. ఇంత పెద్ద కొనుగోలుదారుగా ప్రభుత్వం ఉన్నప్పుడు కొత్త చట్టం కోసం కూర్చోనక్కర్లేదు. సీఎంఆర్ ఒప్పంద పత్రంలో బియ్యం బాకీ గడి పక్కనే బూడిద గడి ఒకటి చేర్చాలి: ఎన్ని టన్నులు వచ్చింది, ఎవరికి చేరింది, రసీదు ఏది. ఆ గడి నింపని మిల్లుకు మరుసటి సీజన్ వడ్లు కేటాయించకూడదు. పౌర సరఫరాల శాఖ ఈ పని ఒక్క ఉత్తర్వుతో చేయగలదు. ఆయకట్టు రైతు సంఘాలు, గ్రామ పంచాయతీలు, మిల్లుల పక్కన బతుకుతున్న కుటుంబాలు వచ్చే కొనుగోలు సీజన్ మొదలుకాకముందే కలెక్టర్ ముందు ఈ కోరిక పెట్టండి. మిల్లర్ల సంఘాలు దీన్ని వ్యతిరేకిస్తే, పారేసేది ఏదీ లేదన్న మాటను ఆ రోజు నుంచి చెప్పడం మానాలి.