జోడు కుదిరితేనే బండి నడుస్తుంది

పిల్లలూ!

పోయిన నెల మీలో ఒకరు నాకు ఉత్తరం రాశారు. "మాస్టారూ, ఆటలకు పనికివచ్చే కంప్యూటరు కావాలంటే లక్షలు పొయ్యాలా? విడిభాగాలు తెచ్చుకుని తక్కువ డబ్బులో మనమే కూర్చుకోలేమా?" అని. తప్పకుండా కూర్చుకోవచ్చు. అయితే ఏ భాగానికి ఎంత పెట్టాలో తెలియకపోతే డబ్బూ పోతుంది, ఆటా సాగదు. ఈ సంగతి నేను ఒకసారి పొరపాటు చేసి నేర్చుకున్నాను. ముందు ఆ కథ వినండి.

మా వీధిలో ఒక దర్జీ ఉన్నాడు. నా దగ్గర చదువుకున్నవాడే. 2022లో అతని కొడుకు పదో తరగతి మంచి మార్కులతో ప్యాసయినాడు. కంప్యూటరు మీద ఆటలన్నా, బొమ్మలు గీయడమన్నా వాడికి ప్రాణం. తండ్రి చీటీ పాడి తెచ్చిన డబ్బు నా చేతిలో పెట్టి, "మాస్టారూ, నాకు ఇవేమీ తెలియవు. మీరే దగ్గరుండి కొనిపెట్టండి," అన్నాడు.

యంత్రానికి మెదడు ప్రాసెసరు గదా, అది పెద్దదయితే చాలుననుకున్నాను. ఎనిమిది కోర్ల ప్రాసెసరు కొన్నాను. అద్దాల క్యాబినెట్టూ, రంగుల దీపాలూ చూసి అబ్బాయి మురిసిపోతే అవీ కొన్నాను. గ్రాఫిక్స్ కార్డుకు డబ్బు మిగలలేదు. చిన్నది, పాతది ఒకటి తెచ్చాము. లోపలి భాగాలన్నిటికీ కరెంటు పంచే డబ్బా ఒకటుంటుంది. దాన్ని ఎస్సెమ్పీఎస్ అంటారు. దుకాణంవాడు దాన్ని క్యాబినెట్టుతోపాటు ఊరికే ఇచ్చాడు. దానిమీద 500 వాట్లని రాసి ఉన్నది గాని, తయారు చేసినవారి పేరు లేదు. ఊరికే వచ్చింది గదా అని నేను సంతోషించాను!

ఆటలు తడబడుతూ నడిచేవి. మూడు నెలలయినా తిరక్కుండానే, ఒక వానాకాలపు సాయంత్రం కరెంటు పోయి మళ్లీ వచ్చేసరికి 'టప్'మని చప్పుడయింది. కాలిన వాసన వచ్చింది. ఆ డబ్బా తాను పోతూ మదర్ బోర్డునూ, గ్రాఫిక్స్ కార్డునూ వెంట తీసుకుపోయింది. ఊరికే ఇచ్చిన వస్తువుకు బిల్లేదీ? బిల్లు లేనిదానికి వారంటీ ఏదీ?

ఆ రాత్రి దర్జీ ఇంటికి వెళ్లడానికి నాకు కాళ్లు రాలేదు. తెల్లవారి వెళ్లి, "తప్పు నాది, నాయనా," అన్నాను. అతను కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "తప్పు లెక్క కొట్టేసి మళ్లీ మొదటినుంచీ చెయ్యమని మీరే చెప్పేవారు గదండీ," అన్నాడు. నష్టంలో నేనూ పాలు పంచుకున్నాను. 2023లో ముగ్గురమూ కూర్చుని లెక్క మళ్లీ చేశాము. ఆ లెక్కే మీకు చెబుతాను.

మొదట అడగవలసిన ప్రశ్న "ఏ భాగం గొప్పది?" అని కాదు, "ఏ ఆటలు, ఎంత తెరమీద?" అని. తెర అంటే అమ్మ పెట్టే చుక్కల ముగ్గు వంటిది. మామూలు మానిటరులో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటవి. హెచ్చవేస్తే 20,73,600. బొమ్మ సాఫీగా కదలాలంటే సెకనుకు 60 సార్లు కొత్త బొమ్మ వెయ్యాలి. అంటే ఒక్క సెకనులో 12,44,16,000 చుక్కలకు రంగు తేల్చాలన్నమాట! ఇక 4కే తెరలో అడ్డమూ నిలువూ రెండూ రెట్టింపు. కనుక పని నాలుగు రెట్లు. దానికి తగిన కార్డు కొనాలంటే సంచీ ఖాళీ అవుతుంది. పొదుపుగా కొనేవారికి 1,920 చుక్కల తెర చాలును.

ఇంత రంగు వేసేది ఎవరు? మేము రెండోసారి కొన్న రైజెన్ 5 5600 ప్రాసెసరులో ఆరు కోర్లున్నవి. వారు ఆరుగురు పంతుళ్ల వంటివారు. ఎంత చిక్కు లెక్కయినా చేస్తారు. రేడియాన్ ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డులోనో, చిన్న లెక్కలు చేసే భాగాలు 1,792 ఉన్నవి. వీరు బడిపిల్లలు. ఒక్కొక్కరు చేసేది చిన్న లెక్కే, కాని అందరూ ఒక్కసారిగా చేస్తారు. ఆటలో ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎటు పరుగెత్తుతున్నారో పంతుళ్లు తేలుస్తారు. రంగులన్నీ పిల్లలు వేస్తారు. పంతుళ్లను ఎనిమిదిమందిని పెట్టి, బడిలో పిల్లలు లేకుండా చేశాను నేను!

అలాగని కార్డు ఒక్కటే గొప్పదయినా లాభం లేదు. ఒంగోలు గిత్తకు బక్క ఎద్దును జోడు కడితే బండి ఎవరి నడక నడుస్తుంది? బక్క ఎద్దు నడకే. కంప్యూటరూ అంతే. కాబట్టి డబ్బును ఒక రూపాయి అనుకుని, నూరు పైసలుగా విడగొట్టండి. మానిటరు కాక మిగిలినవాటికి ఇంచుమించు ఇలా పంచవచ్చు: గ్రాఫిక్స్ కార్డుకు 36 పైసలు, ప్రాసెసరుకు 17, ర్యాముకు 13, మదర్ బోర్డుకు 12, ఎస్ఎస్‌డీ డిస్కుకు 9, ఎస్సెమ్పీఎస్‌కు 8, క్యాబినెట్టుకు 5. ఇది గీసిన గీత కాదు సుమా! 2025 చివర ర్యాము ధరలు ఒక్కసారిగా ఎక్కిపోయినవి. అటువంటప్పుడు పైసలు అటూ ఇటూ జరపాలి. దీపాలకు మాత్రం ఇందులో పైసా లేదు, చూశారా!

తరవాత, భాగాలు ఒకదానిలో ఒకటి ఇముడుతవా అని చూడాలి. ప్రాసెసరు కూర్చునే గూటిని సాకెట్టు అంటారు. ఏఎం4 గూటిలో ఏఎం5 ప్రాసెసరు కూర్చోదు. ఏఎం4 బోర్డులకు డీడీఆర్4 ర్యామే కావాలి. ఏఎం5 బోర్డులకు డీడీఆర్5 ర్యామే కావాలి. ఈ రెండు రకాలకూ గాటు వేరువేరు చోట్ల ఉంటుంది. బలవంతాన దూర్చకండి, విరుగుతుంది. 16 జీబీ ర్యాము కావాలంటే ఒకే 16 కన్న రెండు 8లు మేలు. రెండు ద్వారాలనుంచి ఒకేసారి సరుకు వస్తుంది గదా! గ్రాఫిక్స్ కార్డు పొడవెంతో, క్యాబినెట్టులో చోటెంతో కాగితం మీద రాసుకుని మరీ దుకాణానికి వెళ్లండి.

ఇక నన్ను ముంచిన డబ్బా సంగతి. ప్రాసెసరు 65 వాట్ల తరగతిది. కార్డుకు 132 వాట్లు. ఫ్యానులు, డిస్కు, బోర్డు కలిపి మరో 50 అనుకోండి. మొత్తం సుమారు 250. ఆ కార్డుకు 450 వాట్ల డబ్బా ఉండాలని దాన్ని తయారుచేసిన ఏఎండీ వారే చెబుతారు. బండికి ఎప్పుడూ నిండు బరువు వెయ్యకూడదు. తయారీదారు పేరు, 80 ప్లస్ గుర్తు, కొన్నేళ్ల వారంటీ, దుకాణం బిల్లు – ఈ నాలుగూ లేని డబ్బా ఊరికే ఇచ్చినా వద్దు. ఎస్సెమ్పీఎస్‌ను మాత్రం మీరెవరూ విప్పకూడదు. ప్లగ్గు తీసేసిన తరవాత కూడా దానిలో ప్రమాదకరమైన కరెంటు నిలవ ఉంటుంది.

చేతిలో డబ్బు మరీ తక్కువయితే? రైజెన్ 5 5600జీ వంటి ప్రాసెసర్లలో చిన్న గ్రాఫిక్స్ శక్తి లోపలే ఉంటుంది. తేలికయిన ఆటలు దానితోనే ఆడుకోవచ్చు. ఏడాది పోయాక డబ్బు కూడితే కార్డు చేర్చుకోవచ్చు. అయితే ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర 'ఎఫ్' అన్న అక్షరం ఉంటే, దానిలో ఆ శక్తి లేదని గుర్తు. కార్డు లేకుండా దాన్ని కొంటే తెరమీద బొమ్మే రాదు!

పెద్దలకు ఒక మాట. సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోటికి వెళ్లినప్పుడు పిల్లలను వెంట తీసుకు వెళ్లండి. చీటీ వాళ్ల చేతనే రాయించండి. తన రూపాయిని తానే నూరు పైసలుగా పంచుకున్న పిల్లవాడు వస్తువును జాగ్రత్తగా చూసుకుంటాడు. ఆటకు ఇంత వేళ అని ముందే ఒప్పందం చేసుకోండి.

దర్జీ కొడుకు కంప్యూటరు ఇప్పటికీ నడుస్తున్నది. ఎనిమిది కోర్ల ప్రాసెసరు అమ్మి ఆరు కోర్లది కొన్నాము. మిగిలింది కార్డుకు చేర్చాము. పాత క్యాబినెట్టే ఉంచాము. దీపాలు వెలగడం లేదు. వాటికి తీగ కలపడం మరిచిపోయామని మొన్న గుర్తుకు వచ్చింది. అబ్బాయి కలపనక్కరలేదన్నాడు.

ఇక మీకొక లెక్క. ఒక కంప్యూటరు భాగాలకు 240 వాట్లు కావాలి. దాని ఎస్సెమ్పీఎస్ గోడనుంచి 100 పాళ్లు తీసుకుంటే 80 పాళ్లే లోపలికి ఇస్తుంది. మిగిలింది వేడిగా పోతుంది. గోడనుంచి ఎన్ని వాట్లు లాగుతుంది? రోజుకు రెండు గంటల చొప్పున 30 రోజులు ఆడితే ఎన్ని యూనిట్లు కాలుతుంది? వెయ్యి వాట్లు ఒక గంట కాలితే ఒక యూనిట్టు. జవాబు వచ్చే నెల. ఈ లోపుగా మీరే చేసి అమ్మకూ నాన్నకూ చూపించండి.