చుక్కలు కసువు ఊడుస్తాయా?

వ్యాక్యూమ్ క్లీనర్‌ను ఫోన్లో చుక్కలు చూసి కొనే పద్ధతి మీద నాకు చాలా రోజులుగా కోపంగా ఉంది. ఈరోజు రాసేస్తున్నాను. మా చుట్టాల్లో, మా వీధిలో, చివరికి మా ఇంట్లో కూడా ఒకటే పాట. "4.2 ఉంది మా, పన్నెండు వేలమంది రాసినారు, ఇంకేం చూడాల?" అంటాడు బెంగళూరులో ఉద్యోగం చేసే మా పిల్లోడు. "ఆ పన్నెండు వేలమందిలో మంగంపేటలో ఇల్లు ఊడ్చినోళ్ళు ఎంతమంది నాయనా?" అంటే నవ్వుతాడు. నేను నవ్వడానికి అడగలేదు. అసలు విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

మా ఊరు తెలియనివాళ్ళకు రెండు మాటలు. ఓబులవారిపల్లె మండలంలో, రైల్వేకోడూరుకు దగ్గర్లో ఉంటుంది మంగంపేట. ఇక్కడ దొరికేది బెరైటు. మేమంతా ముగ్గురాయి అంటాం. ఒకేచోట ఇంత బెరైటు ఉన్న గని ప్రపంచంలో ఇంకొకటి లేదని పేరు. ఈ రాయిని మిల్లుల్లో పొడి చేస్తారు. ఆ పొడి ఎక్కువగా పెట్రోలు, గ్యాసు బావులు తవ్వేచోటికి పోతుంది. దాన్ని నీళ్ళలో బరువైన బురదగా కలిపి బావిలోకి దించితే, అడుగు నుంచి తన్నుకొచ్చే గ్యాసును ఆ బరువు అణచిపెడుతుంది. ఆ పనికి పొడి ఎంత మెత్తగా ఉండాలంటే, నూటికి 97 పాళ్ళు 75 మైక్రాన్ల జల్లెడలోంచి దిగిపోవాలి. ముట్టుకుంటే మైదాపిండి లాగుంటుంది. దానికి తోడు ఎర్రమన్ను, ఎండాకాలం గాలి, రోడ్డు మీద లారీలు. పొద్దున ఊడ్చి తుడిచిన నాపబండల మీద మధ్యాహ్నానికి వేలితో ఒత్తులూ దీర్ఘాలతో సహా పేరు రాయొచ్చు.

ఇదే ఊళ్ళో రాయిని ఎట్లా అమ్ముతారో చూడండి. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ ముగ్గురాయిని ఎ, బి, సి అని గ్రేడులు కట్టి అమ్ముతుంది. గ్రేడును తేల్చే ముఖ్యమైన లెక్క విశిష్ట సాంద్రత, అంటే రాయి నీళ్ళకంటే ఎన్ని రెట్లు బరువు అన్నది. 4.2 ఉంటే దాని విలువ వేరు, 4.1 ఉంటే వేరు. కొనేవాడు సముద్రం అవతల ఉన్నా ముందు ల్యాబు కాగితం చూస్తాడు. "ఈ రాయి పన్నెండు వేలమందికి నచ్చింది" అని చెప్పి ఒక్క లారీ లోడు అమ్మి చూడండి, ఎవరు కొంటారో!

మా ఊళ్ళో 4.2 అంటే తూచి, కొలిచి తేల్చిన అంకె. ఫోన్లో 4.2 అంటే ఎవరెవరికో ఎంత సంతోషం వేసిందో కలిపి సగటు తీసిన అంకె. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అక్కడే మనం మోసపోతున్నాం. పైగా ఫ్రిజ్ మీదా ఏసీ మీదా ఉండే నక్షత్రాలకు అలవాటుపడిన కళ్ళు మనవి. కేంద్ర ప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థ 2006లో మొదలుపెట్టిన పద్ధతి అది. ఆ నక్షత్రం వెనక కరెంటు ఎంత కాలుతుందన్న పరీక్ష ఉంది. ఫోన్లో చుక్క వెనక ఒకరి బొటనవేలు ఉంది.

రివ్యూను మన పత్రికలు సమీక్ష అంటాయి. నేను చదివింది తెలుగు బీఏ కాబట్టి ఆ మాట దగ్గర కాసేపు ఆగుతాను. సమ్ అంటే చక్కగా, ఈక్ష అంటే చూడటం. చక్కగా చూసి చెప్పిందే సమీక్ష. ఇప్పుడు ఏదైనా వ్యాక్యూమ్ క్లీనర్ కింద రాసినవి చదవండి. "ప్యాకింగ్ సూపర్, రెండు రోజుల్లో వచ్చింది" అని అయిదు చుక్కలు. "డబ్బా నలిగిపోయింది" అని ఒక చుక్క. "మా అమ్మకు గిఫ్టు ఇచ్చాను, చాలా బాగుంది" అని మళ్ళీ అయిదు. అమ్మ ఏమందో ఎక్కడా ఉండదు. వీటిలో చక్కగా చూసింది ఎవరు? అట్టపెట్టెను చూశారు, తెచ్చిన పిల్లవాణ్ణి చూశారు. దుమ్మును చూసినవాళ్ళు ఎందరు?

పెళ్ళిభోజనం ఎట్లా ఉందని బంతిలో కూర్చున్నప్పుడే అడిగితే అందరూ బాగుందనే అంటారు. అరిగిందో లేదో మరునాడు కదా తెలిసేది! ఈ యంత్రాల సంగతీ అంతే. వచ్చిన వారంలో ఏ మోటారైనా బాగానే లాగుతుంది. ఫిల్టరు పూడుకుపోయేది, గొట్టం మడత దగ్గర చీలేది, బ్యాటరీ పడిపోయేది ఆరు నెలలకో ఏడాదికో. అప్పటికి చుక్కలు ఇచ్చినవాళ్ళు ఆ సంగతే మరిచిపోయి ఉంటారు.

ఇది నా ఒక్కదాని అనుమానం కాదు. 2009లో నాన్ హూ, పాల్ పావ్లూ, జీ జాంగ్ అనే పరిశోధకులు ఈ రేటింగుల తీరును పరిశీలించి, అవి ఇంగ్లీషు జె అక్షరం ఆకారంలో ఉంటాయని చెప్పారు. అంటే పొగిడేవాళ్ళు బోలెడు, తిట్టేవాళ్ళు కొందరు, మధ్యలో ఎవరూ లేరు. "పర్వాలేదు" అనుకున్నవాడు రాయడానికి కూర్చోడు. 2016లో అమెరికాలో ఇంకో పరిశోధన వచ్చింది. 120 రకాలకు చెందిన 1,272 వస్తువులను తీసుకుని, కొన్నవాళ్ళ చుక్కలను కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే సంస్థ చేసిన పరీక్షల మార్కులతో పోల్చారు. రెండింటికీ పొత్తు సరిగ్గా కుదరలేదు. చదివేవాళ్ళు మాత్రం ఆ సగటును గట్టిగా నమ్ముతున్నారని కూడా తేలింది.

ఇవన్నీ నిజాయితీగా రాసినవాళ్ళ సంగతి. దొంగ చుక్కల సంగతి వేరే. మా పక్కింటికి వచ్చిన ఒక అట్టపెట్టెలో రంగుల కార్డు ఉండింది: అయిదు చుక్కలిచ్చి ఆ ఫోటో పంపితే వంద రూపాయలట. వందకు అమ్ముడుపోయే మాటను నమ్మి ఎనిమిది వేలు పెట్టమంటారా? దొంగ రివ్యూల బెడద పడలేకే మన భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది. రివ్యూలు ఎట్లా సేకరించాలో, ఎట్లా పరిశీలించి వేయాలో అందులో ఉంది. అయితే దాన్ని పాటించడం కంపెనీల ఇష్టానికే వదిలేశారు. అమెరికాలో 2024 అక్టోబరు నుంచి దొంగ రివ్యూలు అమ్మడం, కొనడం నేరుగా నిషేధం. ప్రభుత్వాలే ఇంతగా జాగ్రత్త పడుతుంటే మనం మాత్రం "పన్నెండు వేలమంది అబద్ధం చెప్తారా" అని కూర్చున్నాం.

ఏదో ఒకటి కొనుక్కుంటే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకంటారా? మా అత్తకు డెబ్బై దాటింది, ఆయాసం ఉంది. ఇంట్లో దుమ్ము లేస్తే ఆ రాత్రి ఆమె నిద్రపోదు, మేమూ నిద్రపోము. వ్యాక్యూమ్ క్లీనర్ ముందు నుంచి గాలిని లాక్కుని వెనక నుంచి వదులుతుంది. మధ్యలో ఉన్న ఫిల్టరే దానికి ప్రాణం. ఫిల్టరు నాసిరకమైనా, మూత సరిగ్గా బిగుసుకోకపోయినా, వెంట్రుకలూ బియ్యపు గింజలూ లోపల ఉండిపోతాయి, కంటికి కనపడని మెత్తటి దుమ్ము మాత్రం వెనక నుంచి గదిలోకి ఎగజిమ్ముతుంది. నేల మెరుస్తుంది. గాలి పాడవుతుంది. నేల మెరిసింది కాబట్టి చుక్కలు పడతాయి. గాలికి చుక్కలు వేసేవాళ్ళు ఎవరూ లేరు. ముగ్గురాయి దుమ్ము ఒక్కటే అయితే మరీ అంత ప్రమాదం కాదంటారు గానీ, మన్నులో ఉండే సిలికా ఊపిరితిత్తులకు మంచిది కాదని అందరికీ తెలిసిందే. అసలైన హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల కణాల్లో నూటికి 99.97 పాళ్ళు ఆపాలి. డబ్బా మీద "హెపా టైప్" అని ఉంటే అది హెపా కిందికి రాదు. ఆ ఒక్క మాట తేడా ఎన్ని చుక్కలున్నా పూడదు.

కొలిచిన అంకె అయినా సరే, ఎట్లా కొలిచారో అడగాల్సిందే. యూరప్‌లో 2014 సెప్టెంబరు నుంచి ప్రతి వ్యాక్యూమ్ క్లీనర్ మీదా ఎ, బి, సి అని లేబులు పెట్టించారు. తీరా ఆ పరీక్ష చేసేది దుమ్ము సంచి ఖాళీగా ఉన్నప్పుడట! సంచి నిండేకొద్దీ లాగే బలం తగ్గే యంత్రానికి కూడా మంచి అక్షరమే పడేది. డైసన్ కంపెనీ కోర్టుకు పోయింది. 2018 నవంబరులో కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ఖాళీ సంచితో ఊడ్చే ఇల్లు ఏ లోకంలో ఉంది? ల్యాబులోని పెద్దమనుషులకే తోచని ఆ ప్రశ్న, రోజూ పరక పట్టే ఆడమనిషిని అడిగితే మొదటి నిమిషంలో చెప్పి ఉండేది.

ఇక్కడే నాకు అసలు మంట. ఏ యంత్రం కొనాలో తేల్చేది ఇంట్లో ఎవరు? ఫోను పట్టుకున్నవాళ్ళు. దాన్ని రోజూ లాక్కుంటూ తిరిగేది, సంచి దులిపేది, నాపబండల సందుల్లో దూరని బ్రష్షును తిట్టుకునేది ఎవరు? పాతికేళ్ళుగా ఈ ఇంట్లో ఏ మూల ఏ దుమ్ము చేరుతుందో తెలిసిన మనిషి ఎదురుగా ఉంటే, ఆమెను వదిలేసి గుర్గావ్‌లో కార్పెట్ మీద వాడిన పెద్దమనిషి మాట వింటారు. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు.

"మరి మన పల్లెల్లో షోరూములున్నాయా? రివ్యూలు కూడా చూడకపోతే ఎట్లా?" అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. రివ్యూలను చదవొద్దని నేను అనను. అంకెను వదిలి మాటల్ని చదవండి. అయిదునూ ఒకటినీ దాటేసి రెండు, మూడు చుక్కలవాళ్ళ దగ్గర ఆగండి. ఆరు నెలల తర్వాత రాసినవాళ్ళు, తమ ఇంటి నేల ఏమిటో చెప్పినవాళ్ళు ఒక్కరు దొరికినా, వెయ్యి అయిదు చుక్కలకంటే మేలు.

దానికి మించి, యంత్రాన్ని చూసి కొనండి. 1982లో యురేకా ఫోర్బ్స్ మొదలైనప్పుడు వాళ్ళ మనుషులు ఇల్లిల్లూ తిరిగి, మన పరుపు మీదనే యంత్రం ఆడించి, అందులోంచి వచ్చిన దుమ్ము మనకే చూపించి అమ్మేవాళ్ళు. అమ్మకానికి చేసే హంగు కొంత ఉండొచ్చు గానీ, దుమ్ము మాత్రం మనదే. ఇప్పుడు ఇంటికి ఎవరూ రారు కాబట్టి మనమే పోదాం. రాజంపేటకో, కడపకో, తిరుపతికో పోయినప్పుడు మీ ఇంటి దుమ్ము ఒక కవరులో వేసుకుని పోండి. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు, చీర కొనేటప్పుడు జాకెట్టు గుడ్డ తీసుకుపోమా? అంగట్లో నేల మీద చల్లి లాగమనండి. గాలి వదిలే చోట తడిపిన తెల్లగుడ్డ పట్టండి, దాని మీద మరక పడితే ఆ యంత్రం వద్దు. 1600 వాట్లు అని గొప్పగా చెప్తే, అది కరెంటు తినే లెక్క గానీ దుమ్ము లాగే లెక్క కాదని చెప్పండి. ఫిల్టరు ధరెంత, సర్వీసు ఏ ఊళ్ళో, మనిషి ఇంటికొస్తాడా అని అడగండి. చేత్తో ఎత్తి చూడండి, మిద్దె మెట్లెక్కించేది మీరే.

కొన్నాక మీరూ రాయండి. వారానికే రాయొద్దు, ఆరు నెలలాగి రాయండి. తెలుగులోనే రాయండి. మా ఇంట్లో నాపబండలు, మా ఊళ్ళో ముగ్గురాయి దుమ్ము, ఫిల్టరు ఇన్ని నెలలకు పోయింది, రిపేరుకు ఇన్ని రోజులు పట్టింది అని రాయండి. మనలాంటి నేల ఊడ్చే ఇంకో ఇల్లాలికి ఆ నాలుగు ముక్కలు చాలు. చుక్కలు పెట్టడం మరిచిపోయినా నష్టం లేదు.