ఒక్కడే మేళం

రాసాన్ రోలండ్ కర్క్ పేరెత్తితే జాజ్ వినేవాళ్ళకి కూడా ముందు గుర్తొచ్చేది సంగీతం కాదు, ఫొటో. నల్లకళ్ళద్దాలు, మెడ నిండా వేలాడే వాద్యాలు, నోట్లో ఒకేసారి మూడు సాక్సఫోన్లు. అతను బతికున్న రోజుల్లోనే కొందరు విమర్శకులు దాన్ని గిమ్మిక్కని కొట్టిపారేశారు. పోయి నలభై ఏళ్ళు దాటినా ఆ ముద్ర చెరగలేదు. విడ్డూరమేమిటంటే, ఇప్పుడు ఆ ముద్రని గట్టిగా నొక్కుతున్నది అతని అభిమానులే. “ఆ గారడీ సంగతి వదిలేయండి, ఒక్క టెనార్ సాక్సఫోన్ పట్టుకున్నప్పుడు వినండి” అంటారు వాళ్ళు.

నేరారోపణ కన్నా ఈ వకాల్తాయే ఎక్కువ చేటు. మూడు ఊదడం సంగీతం కాదని ముందే ఒప్పేసుకుంటుంది మరి.

వాళ్ళు చూపించే సాక్ష్యం ఒకటుంది. 1974 జనవరిలో కార్నెగీ హాల్లో బాస్ వాద్యకారుడు చార్ల్స్ మింగస్ కచేరీ. ‘సి జామ్ బ్లూస్’లో సాక్సఫోనిస్టు జార్జ్ ఆడమ్స్ చెలరేగిపోయి ఆపాక కర్క్ అందుకుంటాడు. ఆడమ్స్ ధోరణినే తీసుకుని, అతనికంటే నాలుగాకులు ఎక్కువే చదివానని హాలంతటికీ వినిపిస్తాడు. గొప్ప సోలో, కాదనేదేముంది. అయితే అక్కడ వినపడేది ఒకే నోట పలుకుతున్న పలువురి గొంతులు. పదిమంది పలుకుని ఒక్కడే మోయాలన్న ఆ పట్టుదలా, మూడు వాద్యాలు నోట పెట్టుకున్న పట్టుదలా వేర్వేరు కావు.

కర్క్ 1935లో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో పుట్టాడు. రెండేళ్ళప్పుడు వైద్యంలో జరిగిన పొరపాటుకి చూపు పోయింది. పదిహేను పదహారేళ్ళ వయసులో మూడు వాద్యాలు ఒకేసారి ఊదుతున్నట్టు కల వచ్చిందని అతనే చెప్పేవాడు. తర్వాత ఒక వాద్యాల దుకాణంలో మూలపడి ఉన్న పాత సాక్సఫోన్లు రెండు దొరికాయి. ఒకదానికి మాంజెల్లో అని, రెండోదానికి స్ట్రిచ్ అని పేర్లు. ఒక్కోదాన్ని ఒక్క చేత్తో పలికించేలా మీటలు మార్చుకున్నాడు. ఇక ఊపిరంటారా, పాములవాడు నాగస్వరం ఊదడం చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు: బుగ్గల్లో దాచిన గాలి బయటికి పోతుండగానే ముక్కుతో కొత్త గాలి లోపలికి వస్తుంది, నాదం తెగదు. ఆ నాగస్వరంలో ఉన్న రెండు గొట్టాల్లో ఒకటి శ్రుతి పట్టి నిలబెడితే రెండోది పాట పలుకుతుంది. పాములవాణ్ణి గారడీవాడన్నా ఒప్పుకోవచ్చేమో గానీ, ఆ శ్రుతిని మాత్రం ఎవరూ గారడీ అనరు.

ఇంతకీ టెనార్‌తో కలిపి ఆ మూడింటితో కర్క్ చేసిందేమిటి? 1961 నాటి ‘వీ ఫ్రీ కింగ్స్’ ఆల్బంలో ‘త్రీ ఫర్ ది ఫెస్టివల్’ వినాలి. మొదట మూడు వాద్యాలూ కలిసి బిగ్ బ్యాండ్ వరసలా పల్లవి అందుకుంటాయి. అవి ఆగిన చోట అదే మనిషి ఫ్లూటు తీసి, ఊదుతూనే గొంతుతో కూనిరాగం కలుపుతాడు. మళ్ళీ మేళం. ఇది కండబలం చూపించడం కాదు, కూర్పు. అరేంజర్ చేసే పని.

ఇంకా గట్టి సాక్ష్యం 1967లో రికార్డు చేసిన ‘ది ఇన్‌ఫ్లేటెడ్ టియర్’. తన చూపు పోయిన వైనం మీద కట్టిన పాట. వేగం లేదు, తళుకు లేదు. మూడు స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఈడ్చుకుంటూ నడుస్తాయి, ఏడుపు గొంతులోనే చిక్కుకున్నట్టు. ఒక్క టెనార్‌తో ఆ ఒరిపిడి పుట్టదు. చప్పట్ల కోసమే అయితే ఇంత మెల్లని పాటకి మూడు వాద్యాలు మోసుకురావడం దేనికి?

అతను వాడిన ఈలలు, సైరన్లు కొన్నిచోట్ల మితిమీరాయి. ఆ మాట ఒప్పుకోవలసిందే. అయినా ఆర్భాటం మీదే బతికేవాడు 1964లో ఒక ఆల్బమంతా ఫ్లూటుకే అప్పగించడు (‘ఐ టాక్ విత్ ది స్పిరిట్స్’). ‘ఆస్టిన్ పవర్స్’ సినిమా చూసిన లక్షలమంది చెవుల్లో మోగే ‘సోల్ బోసా నోవా’ ఫ్లూటు కూడా అతనిదే, పేరు తెలియకపోతేనేం. నల్లజాతి సంగీతానికి టీవీలో చోటు లేదని 1970లో తోటి కళాకారులతో కలిసి షోల చిత్రీకరణకే అడ్డుపడ్డాడు. ఆ ఒత్తిడికి 1971లో ఎడ్ సలివన్ షో తలుపు తెరిచింది. స్టీవీ వండర్ పాట వాయిస్తామని ఒప్పుకుని లోపలికెళ్ళి, మింగస్, సాక్సఫోనిస్టు ఆర్చీ షెప్‌లతో కలిసి మింగస్ రాసిన ‘హైటియన్ ఫైట్ సాంగ్’ అందుకున్నాడు. దేశమంతా చూస్తుంటే గారడీవాడు చేసే పని కాదది.

1975లో పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. “ఒక్కటే ఊదవయ్యా” అన్నవాళ్ళ కోరిక తీరినట్టే. కానీ రెండు చేతుల పనిని ఒంటిచేతికి నేర్పే విద్య అతనికి కుర్రతనం నుంచీ ఉన్నదే. టెనార్ మీటలు మార్చుకుని, ఒక్క చేత్తో కచేరీలు చేశాడు, ‘బూగీ-వూగీ స్ట్రింగ్ అలాంగ్ ఫర్ రియల్’ రికార్డు చేశాడు. 1977 డిసెంబరులో ఇండియానా రాష్ట్రం బ్లూమింగ్టన్‌లో కచేరీ ముగించాక రెండోసారి వచ్చిన పక్షవాతానికి పోయాడు. అప్పటికి 42 ఏళ్ళు.