డాక్టరు మాట: అత్తగారి ఇన్‌హేలరు
పోయినేడు మా అత్తగారు బెజవాడ నుంచి అమెరికా వచ్చారు. సంచిలో మూడు సాల్బుటమాల్ ఇన్‌హేలర్లు! ఇక్కడ ఆల్బుటెరాల్ అంటామే, అదే మందు. ఐదు నిమిషాల్లో శ్వాసనాళాల చుట్టూ బిగిసిన కండరాలను వదులు చేస్తుంది. నాలుగైదు గంటలు హాయి. లోపలి వాపు మాత్రం అలాగే ఉంటుంది. దానికి పీల్చే స్టెరాయిడ్ కావాలి. 2019 నుంచి అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు సాల్బుటమాల్ ఒక్కదానితో సరిపెట్టుకోవద్దనే చెబుతున్నాయి.

"స్టెరాయిడా? వద్దు బాబూ!" అన్నారావిడ. మోతాదు మైక్రోగ్రాముల్లోనే అని చెప్పి చూశాను. వినలేదు. అల్లుణ్ణి కదా, గట్టిగా చెప్పలేక ఊరుకున్నాను. తప్పు నాదే. ఓ అర్ధరాత్రి ఎన్ని పఫ్‌లు పీల్చినా ఆయాసం తగ్గక ఎమర్జెన్సీకి పరుగెత్తాం.

ఇప్పుడు ఫోన్‌లో రోజూ అడుగుతాను, స్టెరాయిడ్ పీల్చారా అని.

"పీల్చాను. ఉండు బాబూ, నోరు పుక్కిలించి వస్తా" అంటారు.