అంతఃసంజ్ఞ: వృక్షారాధనలో మరచిన ధర్మం

మహాభారత శాంతిపర్వంలో భృగు భరద్వాజుల సంవాదం ఒకటి ఉంది. వృక్షాలు చూడవు, వినవు, రుచి ఎరుగవు; అట్టివి పాంచభౌతికాలు ఎట్లా అవుతాయని భరద్వాజుని శంక. భృగుమహర్షి ఆ శంకను అధికారంతో అణచివేయలేదు. ప్రత్యక్షంగా కనిపించే చేష్టలను చూపి, అనుమాన ప్రమాణంతో సమాధానం చెప్పాడు. వేడిమికి ఆకు వాడుతుంది గనుక స్పర్శ ఉంది. పిడుగు ధ్వనికి పూలు, పండ్లు రాలుతాయి గనుక శ్రవణం ఉంది. తీగ ఆధారాన్ని వెదకి చుట్టుకుంటుంది గనుక దృష్టి ఉంది. ధూపగంధాలచే రోగం తొలగి పుష్పిస్తుంది గనుక ఘ్రాణం ఉంది. వేళ్లతో నీరు త్రాగుతుంది గనుక రసన ఉంది. కావున వృక్షాలు అచేతనాలు కావని ఆయన నిర్ణయం.

ఈ హేతువులన్నీ నేటి వృక్షశాస్త్రంతో అక్షరాలా సరిపోతాయని వాదించనక్కరలేదు. గ్రహించవలసినది ఋషి పద్ధతి. చెట్టుకు ఏది తగులుతున్నదో, అది ఎట్లా స్పందిస్తున్నదో శ్రద్ధతో చూడడమే ఆ పద్ధతి.

అట్లా చూచినవారికి నేడు తెలిసినది అల్పం కాదు. అత్తిపత్తిని తాకితే ఆకుకాడ మొదట ఉన్న ఉబ్బులోని కణాలనుండి నీరు తొలగి ఆకులు ముడుచుకుంటాయి. నిద్రగన్నేరు సాయంకాలం ఆకులు ముడిచి, ఉదయం విప్పుతుంది. ఆకులలోని ఒక వర్ణద్రవ్యం ఎరుపు కాంతిని గుర్తించి, రాత్రి నిడివిని కొలవడానికి తోడ్పడుతుంది. అనేక మొక్కలు ఎప్పుడు పూయాలో ఈ గణనను బట్టి నిర్ణయమవుతుంది. ఆవజాతికి చెందిన ఒక చిన్న మొక్కలో, ఒక ఆకును పురుగు కొరికితే ఆ వార్త కొద్ది నిమిషాలలోనే దూరపు ఆకులకు చేరుతుందని 2018లో ప్రయోగపూర్వకంగా చూపారు.

ఇట్టివి విన్నప్పుడు, జగదీశ చంద్ర బోసు (1858–1937) ప్రయోగాలను స్మరించి, శాస్త్రవాక్యం యంత్రంచే రుజువైనదని కొందరు సంతోషిస్తారు. ఆ సంతోషం తొందరపాటు. యంత్రం కొలిచేది స్పందనను, చైతన్యాన్ని కాదు. చైతన్యం దృశ్యం కాదు, ద్రష్ట. మొక్కకు మెదడు లేదు, నాడులు లేవు. మనవలె నొప్పిని అనుభవిస్తుందని ఎవరూ నిరూపించలేదు. శాస్త్రం తన ప్రామాణ్యానికి ప్రయోగశాల ముద్రను యాచించదు. ప్రయోగశాల చెప్పనిదానిని దానిచేత చెప్పించడం సత్యవ్రతం కాదు.

మనుస్మృతి వృక్షాలను అంతఃసంజ్ఞ గలవని, సుఖదుఃఖ సమన్వితాలని చెప్పింది. సంజ్ఞ లోపలే ఉంటుంది, వెలికి రాదు. ఐతరేయారణ్యకం ఈ తారతమ్యాన్నే మరొక విధంగా వివరించింది: ఓషధి వనస్పతులలో రసం కనిపిస్తుంది, ప్రాణులలో చిత్తం కనిపిస్తుంది, పురుషునిలో ఆత్మ అధికంగా ప్రకాశిస్తుంది, రేపటిని ఎరిగినవాడు అతడే. సర్పానికి వెలుపలి చెవి లేదు, అయినా అడుగుల అదురును దవడ ఎముకల ద్వారా గ్రహించి తప్పుకుంటుంది. లేడి బెదరి పరుగెత్తుతుంది. గోవు అంబా అని అరుస్తుంది. చెట్టు పారిపోదు, అరవదు. దాని బాధ్యత రేపటిని ఎరిగిన మనిషిపై పడుతుంది.

ఇక మన దేవాలయ ప్రాంగణాలను చూడండి. రావిచెట్టుకు పసుపు కుంకుమలు అలంకరిస్తాము. ఆ కాండానికే మేకులు కొట్టి దాతల పేర్ల పలకలు తగిలిస్తాము. మొదలు చుట్టూ సిమెంటుతో అరుగు కట్టి, వేళ్లకు గాలీ నీరూ అందకుండా చేస్తాము. బెరడుకు ఆనించి దీపాలు, కర్పూరం వెలిగిస్తాము. ఆ సెగకు బెరడు క్రింది సజీవమైన పొర మాడిపోతుంది. ఉత్సవం ముగిసినా విద్యుద్దీపాల తోరణాలను కొమ్మలనుండి విప్పము. చెట్టుకు రాత్రి అనేది లేకుండా పోతుంది. సంధ్య దాటిన తరువాత తులసిదళం కోయరాదని పిల్లలకు చెప్పే ఇంటివారే ఈ తోరణాలకు చందా ఇస్తారు.

భక్తి లోపించినందువల్ల ఇది జరగడం లేదని అంగీకరించవలసిందే. అలంకరణే ఆరాధన అనే భ్రమ దీనికి మూలం. శిల్పానికి దారువు కోయవలసి వచ్చినప్పుడు సైతం, ఆ చెట్టును ఆశ్రయించిన భూతాలకు బలి సమర్పించి, వేరొకచోట నివసించుమని ప్రార్థించాలని వరాహమిహిరుడు బృహత్సంహితలో విధించాడు. కోయడానికే అంత నియమం ఉన్నప్పుడు, పూజించే చెట్టు విషయంలో ఎంత ఉండాలి?

చేయవలసినది కష్టం కాదు. మేకులు తీయించి, పలకలను గోడకు మార్చాలి. మొదలు చుట్టూ మట్టిని విడిచిపెట్టాలి. దీపాలకు చెట్టునుండి దూరంగా ఒక రాతిపీఠం ఏర్పరచాలి. పవళింపు సేవ అయి గర్భాలయ ద్వారం మూసే వేళకు కొమ్మలమీది దీపాలను కూడా ఆర్పాలి. స్వామికి విశ్రాంతి ఉన్నదని నమ్మేవారు, ఆయన ప్రాంగణంలోని తరువుకూ అది కావాలని గుర్తించడం న్యాయం. ప్రదక్షిణ ఫలం ఆ తరువాతి మాట.