సందుగ తాళము ఎవరి చేతిలో ఉన్నది?

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో గల్ఫుకు మనిషిని పంపిన ఇండ్లలో నిన్నమొన్నటి వరకు ఒక ఇనుప సందుగ ఉండేది. పట్టాదారు పాసుపుస్తకము, ఇంటి దస్తావేజు, నిఖానామా, పిల్లల పుట్టుక పత్రములు, దుబాయిలోనో దమ్మాములోనో ఉన్న ఇంటి యజమాని పాసుపోర్టు నకలు, ఇవన్నియు అందులో భద్రముగా ఉండేవి. తాళముచెవి తల్లి కొంగున ఉండేది. పొరుగింటివారి మాట అటుంచి, కన్నకొడుకు వచ్చి అడిగినను ఆమె చెవి ఇచ్చేది కాదు. “ఏ కాగితము కావలెనో చెప్పు, నేనే తీసి ఇస్తాను” అనేది. ఒక్క కాగితము కావలసినవానికి సందుగ మొత్తము అప్పగించరాదన్న నీతిని అక్షరజ్ఞానము లేని ఆ తల్లికి ఎవరును నేర్పలేదు. అది ఆమెకు సహజముగానే తెలియును.

నేడు ఆ కాగితములు సందుగలోనే ఉన్నను, వాటి నకళ్ళన్నియు డిగ్రీ చదువుతున్న కొడుకు ఫోనులోనికో, కూతురు ఫోనులోనికో చేరినవి. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు ఆధారు కార్డు, ఆదాయ ధ్రువపత్రము, బ్యాంకు పుస్తకము మొదటి పుట. తండ్రి వీసా గడువు పెంచుటకు పాసుపోర్టు. వీటితోపాటు అక్క పెండ్లి ఛాయాచిత్రములు. ఇంటిలో నలుగురున్నను, చదువుకొన్న బిడ్డయే ఆ ఇంటికి గుమాస్తా. కావున తాళముచెవి ఇప్పుడు తల్లి కొంగున లేదు; విద్యార్థి వ్రేలికొసన ఉన్నది. ఆ తాళము ఎంత గట్టిదో, దానిని మనము ఎవరెవరికి ఇచ్చి కూర్చున్నామో ఆలోచించవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఫోనులో ఏ కాగితము ఎక్కడున్నదో వెదకి చూపుటకు, ఒకచోటినుండి మరియొకచోటికి మార్చుటకు, ఇతరులకు పంపుటకు పనికివచ్చు యాప్‌ను ఫైల్ మేనేజర్ అంటారు. ఆండ్రాయిడ్ ఫోనులో ప్రతి యాప్‌కు ఒక సొంత గది ఉండును. ఒకరి గదిలోనికి మరియొకరు తొంగిచూడరాదన్నది నియమము. గదులకు వెలుపల అందరికీ ఉమ్మడిగా ఒక వసారా ఉండును. మన ఛాయాచిత్రములు, దిగుమతి చేసికొన్న పత్రములు సాధారణముగా ఉండునది ఈ వసారాలోనే. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుండి ఈ వసారాలో కూడ ప్రతి యాప్ తన ఇష్టము వచ్చినట్లు తిరుగుటకు వీలులేకుండ కట్టుబాటు చేసినారు. అయితే ఫైల్ మేనేజర్ చేయవలసిన పనియే అన్ని కాగితములను చూచుట. కావున దానికి “అన్ని ఫైళ్ళను చూచు అనుమతి” ప్రత్యేకముగా ఇవ్వవలసి వచ్చును. అనగా అది ఇంటి తాళపుగుత్తి పట్టుకొన్న నౌకరు వంటిది. నౌకరు దొంగయైన ప్రమాదమే. మంచివాడై మతిమరుపు గలవాడైనను ప్రమాదమే. గత కొన్ని సంవత్సరములలో ఈ రెండు రకముల అనుభవములును లోకమునకు కలిగినవి.

మతిమరుపు నౌకరుకు ఉదాహరణ ఈఎస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్. పది కోట్లకు పైగా ఫోనులలోనికి చేరిన ఈ యాప్‌ను మన విద్యార్థులలో అనేకులు ఒకప్పుడు వాడినవారే. 2019 జనవరిలో ఫ్రాన్సు దేశపు పరిశోధకుడు రాబర్ట్ బాప్టిస్ట్ దీనిలోని లోపమును బయటపెట్టినాడు. ఆ యాప్‌ను ఒక్కసారి తెరచిన చాలును, అది ఫోనులో 59777 అను సంఖ్య గల ద్వారమును తెరచి ఉంచును. అదే వైఫైలో ఉన్న మరియొకడు ఆ ద్వారము తట్టి ఛాయాచిత్రముల పట్టిక అడుగవచ్చును. కావలసిన ఫైలును తీసికొనిపోవచ్చును. వానిని ఎవరని అడుగువారు లేరు. లోపము బయటపడిన పిదప దానిని సరిచేసినారు. కాని అంతవరకు ఎందరి తలుపులు ఎన్నిసార్లు తట్టబడినవో లెక్క చెప్పగలవారు ఎవరు?

ఇది పారిసులోని విషయము కాదు. మన వసతిగృహములో పదిమంది ఒక్క హాట్‌స్పాట్ క్రింద కూర్చుందురు. దరఖాస్తులు నింపు దినములలో ఇంటర్నెట్ కేంద్రముల ముందు బారులు తీరి, ఆ కేంద్రము వైఫైనే అందరును వాడుదురు. ఒకే కప్పు క్రింద ఉన్నవారికి మాత్రమే తెరచుకొను తలుపు, ఒకే కప్పు క్రింద గుమిగూడి బ్రతుకు మనవంటివారికే ఎక్కువ ప్రమాదకరము కాదా?

దొంగ నౌకరుకు ఉదాహరణ 2023 జులైలో వెల్లడి అయినది. ప్రడియో అను సంస్థ పరిశోధకులు గూగుల్ ప్లే స్టోరులోనే రెండు యాప్‌లను పట్టుకొన్నారు. ఒకటి ఫైల్ మేనేజర్, రెండవది పోయిన ఫైళ్ళను తిరిగి తెచ్చునదట. రెండింటికిని కలిపి పదిహేను లక్షల దిగుమతులు. మేము ఏ సమాచారమును సేకరించమని అవి ముందే వ్రాసి ఇచ్చినవి. చేసినది మాత్రము పరిచయస్థుల పట్టికలు, ఛాయాచిత్రములు, మనిషి ఉన్న చోటు మొదలైనవన్నియు మూటగట్టి విదేశములలోని యంత్రములకు పంపుట.

నమ్మకస్థుడైన నౌకరు కూడ మోసపోవచ్చునని 2024 మే 1న మైక్రోసాఫ్ట్ సంస్థ పరిశోధకులు తెలిపినారు. ఒక యాప్ మరియొక యాప్‌కు ఫైలు అందించునపుడు దాని పేరు కూడ చెప్పును. పుచ్చుకొను యాప్ ఆ పేరును పరీక్షింపక నమ్మినచో, దుష్టబుద్ధి గల యాప్ ఆ పేరులోనే ఒక దొంగదారి వ్రాసి పంపగలదు. అప్పుడు వచ్చిన ఫైలు వసారాలో ఆగక ఎదుటివాని సొంత గదిలోనికి పోయి, అక్కడ ఉన్న ముఖ్యమైన కాగితమును తొలగించి దాని స్థానములో కూర్చుండును. నూరు కోట్లకు పైగా ఫోనులలో ఉన్న షావోమి ఫైల్ మేనేజర్‌లోను, ఏబది కోట్లకు పైగా ఉన్న డబ్ల్యుపిఎస్ ఆఫీస్‌లోను ఈ బలహీనత కనిపించినది. ఆ సంస్థలు 2024 ఫిబ్రవరి నాటికే దానిని సవరించినవి. అయితే సవరణ వచ్చుట వేరు, అది మన ఫోనులోనికి చేరుట వేరు. డేటా అయిపోవునని అప్‌డేట్‌లను నెలల తరబడి వాయిదా వేయు మన అలవాటు ఎవరికి తెలియదు?

ఇక్కడ కొందరు మిత్రులు ఒక మాట అంటున్నారు. “2020 జూన్ 29న భారత ప్రభుత్వము 59 యాప్‌లను నిషేధించినది గదా, అందులో ఈఎస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్, షేరిట్, జెండర్, క్యామ్‌స్కానర్ అన్నియు ఉన్నవి, ఇక బెంగ ఎందులకు?” అని. నిషేధించిన మాట వాస్తవమే. కాని నిషేధము కొత్తగా దిగుమతి కాకుండ ఆపగలదు గాని, పాత ఫోనులో ఇదివరకే కూర్చున్నదానిని మన చేయి పట్టుకొని తీసివేయలేదు. స్నేహితుని ఫోను నుండి స్నేహితుని ఫోనుకు ఏపీకే రూపమున ప్రాకునదానిని పట్టుకోలేదు. అట్టి ఏపీకేను ఫైల్ మేనేజర్ ద్వారా తెరచునపుడు, తెలియని చోటినుండి వచ్చిన యాప్‌ను ఎక్కించుటకు అనుమతి ఇత్తువా అని ఫోను అడుగును. మనము చదువక “సరే” అందుము. పెండ్లి పిలుపు, బ్యాంకు నోటీసు, ట్రాఫిక్ చలాను అను పేర్లతో వచ్చు ఏపీకేలు మన రాష్ట్రములో ఎందరి ఖాతాలను ఊడ్చివేసినవో పత్రికలు చదువువారికి క్రొత్త సంగతి కాదు. తప్పు ఏదో ఒక దేశమునకు చెందినదని తలచుట కూడ పొరపాటే. లోపము ఏ దేశపు యాప్‌లోనైనను ఉండవచ్చును. అడిగినదే తడవుగా తాళపుగుత్తి ఇచ్చివేయు అలవాటు మాత్రము మనది.

“మావద్ద దాచవలసినది ఏమున్నది?” అని ఇంకొందరు. ఉన్నది. పాసుపోర్టు పుట, ఆధారు సంఖ్య, సంతకము, ఛాయాచిత్రము ఒకేచోట దొరికిన మోసగాడు మన పేరుతో సిమ్ కార్డు తీసికొనుటకో, అప్పు పుట్టించుటకో ప్రయత్నింపగలడు. దాని జవాబుదారీ సముద్రమునకు ఆవల చెమటోడ్చుచున్న తండ్రి మీద పడును. ఇక చెల్లెలి ఛాయాచిత్రము అపరిచితుని చేత పడిన ఇంటిలో మొదట ఆగిపోవునది ఆ పిల్ల చదువు. తప్పు ఎవరిదైనను, కళాశాల మానవలసినది ఆమెయే. స్త్రీవిద్య కొరకు స్థాపించుకొన్న సంస్థలకు ఇంతకంటె పెద్ద నష్టము ఏమున్నది? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీం కోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పినది. ఆ హక్కు ధనవంతులకును, దాచుకొనుటకు రహస్యములున్నవారికిని మాత్రమే ఇచ్చినది కాదు.

ఇంతవరకు విద్యార్థులకు చెప్పినాము. ఇక మా మాట కూడ చెప్పుకొనక తప్పదు. ఈ వ్యాసము వ్రాయుటకు ముందు ఒక రాత్రి మేము మా ఫోనులోని ఫైల్ మేనేజర్ తెరచి చూచినాము. మూడు సంవత్సరముల విద్యార్థుల ఆధారు కార్డులు, ఆదాయ పత్రములు, బ్యాంకు పుస్తకములు, ఆడపిల్లల పాసుపోర్టు సైజు ఛాయాచిత్రములు కుప్పలుగా పడియున్నవి. గడువు తేదీ దగ్గరపడినపుడు “వెంటనే నా ఫోనుకు పంపండి” అని మేమే తరగతి వాట్సాప్ బృందములో పెట్టినాము. పిల్లలు గురువు అడిగినాడని మారుమాట లేకుండ పంపినారు. పని ముగిసినది, కాగితములు మిగిలినవి. అంతకంటె బాధ కలిగించు సంగతి మరియొకటి ఉన్నది. దీనికి ముందున్న ఫోనును మేము ఏమియు తుడిచివేయకనే ఒక దుకాణములో ఇచ్చి క్రొత్తది తెచ్చుకొన్నాము. అది ఇప్పుడు ఎవరి జేబులో ఉన్నదో మాకు తెలియదు. ఏ పిల్లల కాగితములు దానిలో పోయినవో, వారికి ఆ సంగతి తెలియదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. దొంగ యాప్‌లను నిందించుచు వ్యాసము మొదలుపెట్టిన మేము, తాళపుగుత్తిని పారవేసినవారిలో మేమును ఒకరమని తెలిసికొన్నాము.

అందువలన కళాశాల పాలకవర్గమువారికి మా మనవులు మూడు. మొదటిది, విద్యార్థుల పత్రములు ఏ అధ్యాపకుని సొంత ఫోనుకును రాకూడదు. కార్యాలయములోని ఒక్క కంప్యూటరుకే, ఒక్క బాధ్యుని చేతికే రావలెను. పని ముగిసిన దినముననే తొలగింపబడవలెను. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము యొక్క ఆశయము కూడ ఇదియే: అవసరమైనంత మాత్రమే పుచ్చుకొనుట, అవసరము తీరగానే తుడిచివేయుట. రెండవది, సంఖ్యలో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించు మాస్క్ ఆధారు చాలినచోట పూర్తి కార్డు అడుగరాదు. మూడవది, సంవత్సరమునకు ఒక దినము ఫోనుల పరీక్షకు కేటాయించవలెను. కొండగట్టు దిగువన నాచుపల్లిలో 2007 నుండి జేఎన్‌టీయూ ఇంజనీరింగు కళాశాల ఉన్నది. కంప్యూటరు శాస్త్రము చదువు అక్కడి విద్యార్థులను ఒక్కనాడు అతిథులుగా పిలిచి, మన పిల్లల ప్రక్కన కూర్చుండబెట్టి, ఏ యాప్‌కు ఏ అనుమతి ఇచ్చినామో చూపింపుడని కోరుట పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. భోజనపు ఖర్చు మేము పెట్టుకొందుము.

విద్యార్థినీ విద్యార్థులారా! మీరు చేయవలసినది కొంచెమే. ఫోనుతో వచ్చిన ఫైల్ మేనేజర్ ఉండగా రెండవది ఎక్కించకుడు. ఏ యాప్‌కు అన్ని ఫైళ్ళ అనుమతి ఉన్నదో సెట్టింగులలో చూచి, అక్కరలేనివాని అనుమతి తీసివేయుడు. అప్‌డేట్ వచ్చిన వెంటనే చేయుడు. చేతికి వచ్చిన ఏపీకేను తెరువకుడు. ముఖ్యమైన పత్రములను వసారాలో వదలక డిజిలాకర్‌లో ఉంచుకొనుడు. ఫోను అమ్మునపుడు అంతయు తుడిచి అమ్ముడు. మోసము జరిగినచో సిగ్గుపడి దాచక వెంటనే 1930కి ఫోను చేయుడు.

ఉర్దూలో అమానత్ అను మాట ఉన్నది. మన తెలుగువారి నోట కూడ అది చాలకాలముగా నలుగుచున్నది. మనది కాని వస్తువును, యజమాని అడుగువరకు, చెడకుండ కాపాడి ఉంచుట దాని భావము. మీ ఫోనులో ఉన్న పాసుపోర్టు మీది కాదు, మీ తండ్రిది. ఆ ఛాయాచిత్రము మీది కాదు, మీ చెల్లెలిది. మా ఫోనులో ఉన్న కాగితములు మావి కావు, మీవి. మేము వాటిని తుడిచివేసినాము. పాత ఫోనుతో పోయినవాటి విషయమున, ఆ సంవత్సరముల విద్యార్థులకు మేమే ఫోను చేసి చెప్పి, క్షమింపుమని అడుగుచున్నాము. ఇంకను చేయవలసినవారు పదిమంది దాక మిగిలియున్నారు.