రంగం నుంచి దోహా దాకా

మా కంచిలిలో ఉన్న రైల్వే స్టేషన్ పేరు సోంపేట. ఊరొకటి, బోర్డు మీది పేరొకటి. ఆ ప్లాట్‌ఫారం మీద భర్తల్నీ కొడుకుల్నీ రైలెక్కించి ఒంటరిగా వెనక్కి తిరిగే ఆడవాళ్లని చూస్తూ పెరిగాను. కొబ్బరి, జీడి తోటల ఉద్దానం నుంచి గల్ఫ్‌కి, సింగపూర్‌కి, మలేషియాకి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా వెళ్లేవాళ్లు వాళ్లు.

2011 ఫిబ్రవరిలో మా చిన్నాన్న లిబియాలో ఉన్నాడు. వెళ్లి నాలుగు నెలలే అయింది. గడాఫీ మీద తిరుగుబాటు మొదలైంది. మన ప్రభుత్వం వెనక్కి తెచ్చిన పదిహేను వేల పైచిలుకు మందిలో ఒకడిగా, ఒక్క సంచితో ఇంటికొచ్చాడు. ఏజెంటుకి కట్టిన డబ్బు మీద నూటికి మూడు రూపాయల వడ్డీ మాత్రం ఆగలేదు. అప్పిచ్చినాయన వాకిట్లో కూర్చుంటే పిన్ని, "యుద్ధం ఒచ్చీసింది బాబూ, ఆయనేటి చేస్తాడు?" అంది. అదే వారం ఊళ్లో మగవాళ్లు రచ్చబండ మీద ఏ నాయకుడు ఏ పార్టీలోకి దూకుతాడో లెక్కలేస్తున్నారు. పిన్నేమో టీవీలో బెంఘాజీ ఎక్కడుందో వెతుకుతోంది. ఇద్దరిలో రాజకీయం తెలిసినదెవరికి?

బయటి దేశంలో బతికేవాళ్లకి ఇక్కడి ఎన్నికల కన్నా దేశాల మధ్య నడిచే రాజకీయమే ముఖ్యమని నా వాదన. 2010లో చట్టం సవరించి ప్రవాసులకి ఓటిచ్చారు. కానీ ఆ ఓటు వెయ్యాలంటే సొంత ఊరి పోలింగు కేంద్రానికి మనిషి రావాలన్నారు. వెల్డరుకి ఆ ఓటు ఖరీదు రానూపోనూ విమానం టిక్కెట్టు, పోయిన జీతం. అమెరికాలో ఉన్నవాళ్ల సంగతీ ఇంతే. ఇక్కడి పార్టీల జెండాలతో అక్కడ కార్ల ర్యాలీలు తీశారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బి దరఖాస్తుల మీద ట్రంప్ లక్ష డాలర్ల రుసుం వేసినప్పుడు, ఆ జెండాల్లో ఏది అడ్డుపడింది?

ఇదేమీ కొత్త కాదు. మన ముత్తాతలు రంగూన్‌ని 'రంగం' అన్నారు. 1930 మేలో ఆ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మా కూలీల్ని దించారు. సమ్మె తీరగానే ఆ బర్మా కూలీల్ని పొమ్మన్నారు. వాళ్ల కోపం యజమానుల దాకా వెళ్లలేదు. 'కోరంగీలు' అని పిలిచే మనవాళ్ల మీద పడింది. వందకి పైగా ప్రాణాలు పోయాయి. 1937లో బర్మా ఇండియా నుంచి వేరయింది. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. లక్షల మంది కాలినడకన అస్సాం దారి పట్టారు, వేలమంది దారిలోనే రాలిపోయారు. నే విన్ పాలనలో 1964లో దుకాణాలు జాతీయం చేశాక మిగిలినవాళ్లలో ఎందరో ఓడలెక్కారు. విశాఖ కంచరపాలెంలో 'బర్మా క్యాంపు' అనే పేరు ఇప్పటికీ ఉంది. ఇందులో ఏ మలుపునీ మన జిల్లా రాజకీయం నిర్ణయించలేదు.

ఊరు విడిచేలా చేసింది ఇక్కడి రాజకీయమే కదా అంటారు. ఒప్పుకుంటాను. ఉద్దానం కిడ్నీ జబ్బు, 2018 అక్టోబరులో తిత్లీ కూల్చిన కొబ్బరి చెట్లు, పనుల్లేకపోవడం, వీటికి ఇక్కడి పాలకులే జవాబు చెప్పాలి. అయితే పంపేదాకానే ఆ రాజకీయం పని. అక్కడ ఉండనిచ్చేదీ, తరిమేదీ, ఎవరి పొట్ట కొట్టి మనకి పని ఇస్తారన్నదీ వేరేచోట తేలుతుంది. 2023 అక్టోబరు తర్వాత ఇజ్రాయెల్ పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసి, భవన నిర్మాణానికి భారతదేశం నుంచి వేలమందిని తీసుకుంది. హైదరాబాదులోనూ ఎంపికలు జరిగాయి. 1930 నాటి రంగం రేవు గుర్తు రావడం లేదా? ఒక పేదవాడి ఖాళీలో ఇంకో పేదవాణ్ణి నిలబెట్టడమే అక్కడా ఇక్కడా జరిగింది. ఈ సంగతి తెలియకుండా పంపే భార్యా, తెలిసినా పంపక తప్పని భార్యా ఉద్దానంలో ఉంటారు.

నా అసలు తగువు మనతోనే. స్త్రీల సాహిత్యం చదివే, చదువు చెప్పే మనం వలస వెళ్లినవాడి భార్య దగ్గరికి రాగానే 'ఎదురుచూపు', 'ఒంటరితనం' అని రాసి ఆగిపోతాం. ఆమె అప్పునీ చమురు ధరనీ ఒకే వాక్యంలో రాయం. వ్యక్తిగతమే రాజకీయమని దశాబ్దాలుగా అంటున్నాం కదా, ఆ రాజకీయం ఇంటి గుమ్మం దగ్గరో రాష్ట్రం పొలిమేర దగ్గరో ఎందుకు ఆగాలి? యుద్ధాల విశ్లేషణ మగవాళ్ల పేజీ అని ఎవరు రాసిచ్చారు మనకి?

2025 జూన్ 23 రాత్రి ఖతార్‌లోని అమెరికా స్థావరం అల్ ఉదెయిద్ మీదికి ఇరాన్ క్షిపణులు వదిలింది. పిన్ని కొడుకు అప్పుడు దోహాలో ఉన్నాడు. పిన్ని ఫోన్ చేసింది. ఏడవలేదు. "గాల్లో దారి మూసీసినారంట. రేపు సముద్రం కూడా మూసెస్తారేటే?" అని అడిగింది. ముందురోజే ఇరాన్ పార్లమెంటు హోర్ముజ్ జలసంధి మూయాలని తీర్మానించింది.

పిన్ని ఐదో తరగతితో చదువు ఆపింది. నాకు డాక్టరేటు ఉంది. ఆ రాత్రి ఆమె అడిగిన ప్రశ్న నా పరిశోధనలో ఒక్క పేజీలోనూ లేదు.